మా లెక్కలో ఏడో ఆజ్ఞ

బట్టలు అబద్ధం చెప్పవు. మనిషి చెబుతాడు, మనిషి మొహం చెబుతుంది, ఆఖరికి కన్నీళ్ళు కూడా చెబుతాయి. కానీ మాసిన చొక్కా ఒకటి నా చేతికొచ్చిందంటే, దాని యజమాని ఆ వారమంతా ఏం వెలగబెట్టాడో పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. అది చదవడంలో అంత ఆరితేరినదాన్ని, నా సొంత మొగుడి చొక్కా దగ్గర బోల్తా పడ్డాను.

మా ఆయన లూథరన్ సెమినరీలో పాస్టరు చదువు చదివాడు. ఆ చదువులో ఆఖరి ఏడు ఇద్దరు విద్యార్థుల్ని ఎంచి విదేశంలో ఒక సెమినరీకి పంపుతారు. ఆ ఏడు మా ఆయన్నీ, ఇంకో అబ్బాయినీ పంపారు. పెళ్ళయినవాళ్ళు పెళ్ళాన్ని వెంట తీసుకెళ్ళొచ్చన్నారు కాబట్టి నేనూ బయల్దేరాను. ఏడాది చివర అక్కడి మాస్టారు 'ఇతను పనికొస్తాడు' అని ఉత్తరం రాయాలి. అది చూసి మా బిషప్పుగారు గురు అభిషేకం చేయాలి. అది జరిగితేనే మా ఆయన పాస్టరు. జరక్కపోతే ఏడేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

రెండో అబ్బాయికి నేను పెట్టిన పేరు తాత. వయసు ఇరవయ్యారు. కానీ మెల్లగా నడుస్తాడు, మెల్లగా నములుతాడు, అడక్కపోయినా సలహా ఇస్తాడు. నన్ను వదినా అంటాడు. మంచివాడే, నోట్లోంచి మాట లాగాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

అక్కడ నాకు హాస్టల్ కింద నేలమాళిగలో లాండ్రీ పని ఇచ్చారు. మూడు మిషన్లు, ఒక పొడుగాటి ఇస్త్రీ బల్ల, గోడ పైభాగాన ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ సరిగ్గా బయటి నేల మట్టానికి ఉంటుంది. అందులోంచి మనుషులు కనపడరు, వాళ్ళ బూట్లు మాత్రమే కనపడతాయి. గుడిలో వేసుకునే తెల్లంగీలన్నీ నా దగ్గరికే వచ్చేవి. కొవ్వొత్తి మైనం పడితే మీద కాగితం వేసి ఇస్త్రీ పెట్టె ఆనించాలి, మైనమంతా కాగితంలోకి దిగిపోతుంది. గుడిలో ప్రభురాత్రి భోజనమప్పుడు ఇచ్చే ద్రాక్షారసం పడితే ముందు ఉప్పు చల్లాలి. నెల తిరిగేసరికి ఎవరి అంగీ ఏదో వాసన చూసి చెప్పేదాన్ని, ఎవరి బూట్లు ఎవరివో కిటికీలోంచి చెప్పేదాన్ని.

నేను పుట్టింది బాప్టిస్టు ఇంట్లో. మా నాన్న ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బోధకుడు. మా దగ్గర ఎదిగిన మనిషిని నీళ్ళలో నిండా ముంచి బాప్తిస్మమిస్తారు. మా అత్తవారి వైపు పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నన్ను "మునిగినదానా" అని ఏడిపిస్తే, నేను "సరిగ్గా తడవనివాడా" అనేదాన్ని. అంతకు మించి రెండు సంఘాలకీ తేడా ఏముంటుందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మా నాన్న నన్ను ముద్దుగా అనుమానప్పక్షి అనేవాడు. ముద్దుగానే అనేవాడు గానీ ఉత్తినే అనేవాడు కాదు. ఆయన పోయి మూడేళ్ళు. ఆయన ప్రసంగాలు రాసుకున్న నల్ల అట్ట నోటుబుక్కు ఆయన తువ్వాల్లోనే చుట్టి, నా పెట్టె అడుగున పెట్టుకుని దేశాలు దాటించాను. ఒక్కసారీ తెరవలేదు. ఆ చేతిరాత చూస్తే ఏడుపాగదు నాకు.

ఇక నా అనుమానం సంగతి. మార్చి నెల నుంచి మా ఆయన చొక్కా చేతుల అంచులకి జిగురు అంటుకుని ఉండేది. ఎండిపోయి, గోటితో గీకితే పొట్టు రాలే తెల్లటి జిగురు. దేవుడి చదువు చదివేవాడికి జిగురెందుకు? అడిగాను.

"హీబ్రూ మాటలు చీటీల మీద రాసి అట్టకి అంటిస్తున్నానే, గుర్తుండటానికి" అన్నాడు నా మొహం వైపు చూడకుండా.

"రోజూ నాలుగింటి నుంచి ఆరింటిదాకా అంటిస్తూనే ఉంటారా?"

"హీబ్రూ అంటే మాటలా మరి?"

సరే అనుకున్నాను. కానీ హీబ్రూ క్లాసు జరిగేది ఎడమవైపు భవనంలో. రోజూ నాలుగింటికి మా ఆయన గోధుమరంగు బూట్లు నా కిటికీ ముందు నుంచి కుడివైపు వెళ్ళేవి. కుడివైపు ఉన్నది లైబ్రరీ ఒక్కటే. ఆరింటికి అవే బూట్లు తిరిగొచ్చేవి, ఒంటరిగా కాదు. పక్కనే ఎర్ర తాళ్ళు కట్టిన నల్లబూట్లు. అవి లైబ్రరీ ఆవిడవి. నలభై ఏళ్ళుంటాయి, ఒంటరిది, చక్కగా నవ్వుతుంది. నా కిటికీ ముందుకొచ్చాక నాలుగు బూట్లూ ఆగేవి. రెండు నిమిషాలు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. బూట్లు మాట్లాడుకోవు కదా, మాట్లాడుకునేది మనుషులే.

మే నెల చివర ఒక సోమవారం ఆయన కోటు ఉతకడానికి తీసి, అలవాటు ప్రకారం జేబులు తడిమాను. నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. తాత చేతిరాత.

'అన్నా, ఎదురుగా చెప్పలేక రాస్తున్నా. ఏడో ఆజ్ఞ సంగతి చిన్నది కాదు. మాస్టారు క్షమించారు, నిజమే. కానీ నువ్వు పాపం చేసింది వదినకి. లైబ్రరీలో ఎన్నాళ్ళు కూర్చున్నా, వదినకి చెప్పకపోతే అది తీరదు. ఇట్లు, తమ్ముడు.'

ఏడో ఆజ్ఞ. మోషేకి దేవుడిచ్చిన పది ఆజ్ఞలూ మా నాన్న నాకు అన్నం కలిపి పెడుతూ నేర్పాడు. ముద్దకో ఆజ్ఞ. ఆరోది హత్య. ఏడోది వ్యభిచారం. ఆ ముద్ద దగ్గర మా నాన్న గబగబా చెప్పి దాటేసేవాడు కాబట్టి నాకు మరీ బాగా గుర్తు.

మిషను తిరుగుతోంది. నా బుర్ర దానికంటే వేగంగా తిరుగుతోంది. కూర్చుందామంటే కుర్చీ ఎటుందో కనపడలేదు. ఏడవలేదు నేను. ఏడవాలంటే తర్వాత తీరిగ్గా ఏడవొచ్చు, ముందు నిజం తేల్చుకోవాలనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తాతని పట్టుకున్నాను.

"ఏమయ్యా, మీ హీబ్రూ క్లాసు ఎంతవరకు వచ్చింది?"

"హీబ్రూ ఫిబ్రవరిలోనే అయిపోయింది కదా వదినా!" అనేసి, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"మరి మీ అన్న రోజూ రెండు గంటలు ఎక్కడ తగలడుతున్నాడు?"

తాత చెంచా పక్కన పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా ఇటూ అటూ చూశాడు. "వదినా, అది అన్న నోటితోనే వినాలి. నేను చెబితే బాగోదు."

"అంటే ఉంది, విషయం ఉంది."

"ఉంది" అన్నాడు పాపం, అబద్ధమాడటం చేతకాక. "కానీ మీరు అనుకున్నంత ఘోరం కాదు వదినా. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. ఇప్పుడు దిద్దుకుంటున్నాడు."

రోజూ రెండు గంటలు దిద్దుకోవడమేమిటో! వీడి సానుభూతి వీడూను.

ఆ సాయంత్రం పని వదిలేసి లైబ్రరీ వెనక వైపు వెళ్ళాను. వెనకగది కిటికీ తెర సగమే వేసి ఉంది. లోపల బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, తలలు దగ్గరగా పెట్టి. మా ఆయన ఏదో మెల్లగా చెబుతున్నాడు. ఆవిడ వింటూ వింటూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. మా ఆయన లేచి గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. నాకు జ్వరమొచ్చి మూడు రోజులు పడుంటే, 'నీళ్ళు బిందెలో ఉన్నాయి కదే' అన్న మనిషి!

మర్నాడు ఆవిడ ఉన్ని స్వెట్టరు ఒకటి లాండ్రీకొచ్చింది. ఉన్నిని చల్లటి నీళ్ళలో ఉతకాలని నాకు తెలుసు. మరిగే నీళ్ళలో వేశాను. బయటికి తీసేసరికి ఐదేళ్ళ పిల్లకి సరిపోయేలా అయింది. చక్కగా మడత పెట్టి పంపించాను. సిగ్గుపడుతున్నానా అంటే, ఆ రోజు మాత్రం లేదు.

బుధవారం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్రసంగం చెప్పడం నేర్పే మాస్టారు, తెల్ల గడ్డం, నెమ్మదస్తుడు. మా ఆయన గురించి ఉత్తరం రాయాల్సింది ఈయనే. ఇస్త్రీ చేసిన అంగీలు ఇచ్చే వంకతో గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. వాళ్ళ భాష నాకు వచ్చీరానిది, మూడు మాటలకి ఒకటి వెతుక్కోవాలి. పైగా ఆ మాట ఏ భాషలోనైనా ఒక ఆడది పరాయి మగాడి ముందు ఎలా అంటుంది? అంకెలు మాత్రం వచ్చు.

"మాస్టారూ, మా ఆయన ఏడో ఆజ్ఞ మీరాడు."

ఆయన అదిరిపడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తెలుసమ్మా."

"తెలుసా!"

"ఫిబ్రవరి నుంచీ తెలుసు. క్లాసులోనే దొరికిపోయాడు."

"క్లాసులోనా?"

"నేనడగ్గానే ఒప్పేసుకున్నాడు. బాధపడకండి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. అంతెందుకు, వయసులో ఉన్నప్పుడు నేనూ ఒకసారి చేశాను. మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు" అని గడ్డంలో నవ్వాడు.

"మరి ఆ లైబ్రరీ ఆవిడ…"

"ఆవిడ దగ్గర రోజూ రెండు గంటలు కూర్చోమన్నది నేనే. ఆ పనిలో ఆవిడకి చాలా అనుభవం. ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మీరేం అడక్కండి, తనే చెబుతాడు."

అంగీలు బల్ల మీద పడేసి బయటికొచ్చాను. చేసినవాడు మొగుడు, చేయించేవాడు మాస్టారు, చూస్తూ ఊరుకునేవాడు తాత! దేవుడి పేరు చెప్పుకునే చోట ఇంత కుళ్ళా? ఈ మాస్టారు రాసే ఉత్తరం చూసి, రేపు ఈ మనిషి తెల్లంగీ వేసుకుని గుడిలో నిలబడతాడు. జనం చేతులు కట్టుకుని వింటారు. వాళ్ళందరి మధ్యా మొదటి వరసలో నేను!

గదికొచ్చి మా బిషప్పుగారికి ఉత్తరం రాశాను. 'అయ్యగారికి వందనములు. నా భర్త ఏడో ఆజ్ఞ మీరాడు. ఇక్కడి మాస్టారికి తెలుసు, దాచిపెట్టారు. అభిషేకం చేసే ముందు ఆలోచించండి.' ఆ ముక్క విప్పి రాయడానికి చేయి రాలేదు. నంబరే రాశాను. బైబిలు తెలిసినవారికి నంబరు చాలనుకున్నాను. గురువారం పొద్దున్నే పోస్టులో వేశాను.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టాను, చొక్కాలుతికాను, జిగురు గీకాను. "ఒంట్లో బాగోలేదా?" అని రెండుసార్లు అడిగాడు. "బాగానే ఉంది" అన్నాను. అప్పుడప్పుడూ ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు. చెప్పు, చెప్పు అని లోపల్లోపల కొట్టుకునేదాన్ని. చెప్పేవాడు కాదు. అడగొచ్చు కదా అంటారా? అడిగితే నిజం చెబుతాడని నమ్మకముంటే అడిగేదాన్ని.

పదమూడో రోజు నేను మాస్టారి అంగీ ఇస్త్రీ చేస్తుండగా, గోధుమరంగు బూట్లు కిటికీ ముందు పరుగెత్తాయి. మెట్లు దిగి మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బిషప్పుగారు మాస్టారికి ఫోన్ చేశారు. నా అభిషేకం ఆపేశారట. నువ్వు ఉత్తరం రాశావా?"

"రాశాను" అన్నాను ఇస్త్రీ ఆపకుండా.

"నీకెలా తెలిసింది?"

"నీ కోటు జేబులో కాగితం చెప్పింది." కోపమొస్తే నాకు 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది.

ఆయన బల్ల అవతల కూలబడ్డాడు. తల వంచుకుని అన్నాడు, "నిన్ను తప్పుపట్టను. సొత్తు నీది. నిన్నడక్కుండా ముట్టుకున్నాను."

"సొత్తా? నన్నడక్కుండానా? అడిగితే సరే కానివ్వమని పంపించేదాన్నా నిన్ను!"

"అడగాల్సింది. పెట్టె తెరిచినప్పుడు కూడా అనిపించింది అడగాలని."

"ఏం పెట్టె?"

"నీ పెట్టె. అడుగున… తువ్వాల్లో…"

ఇస్త్రీ పెట్టె నా చేతిలో ఆగిపోయింది. "మా నాన్న పుస్తకమా? మా నాన్న పుస్తకం తీసుకెళ్ళి ఆవిడకిచ్చావా?"

"ఇవ్వలేదే. ఫిబ్రవరిలో క్లాసులో ప్రసంగం చెప్పాల్సిన వంతు నాది. నాలుగు రాత్రులు కూర్చున్నా ఒక్క ముక్క రాలేదు. మీ నాన్నగారి పుస్తకం తీసి ఒక ప్రసంగం మొత్తం, అందులోని ఇంటి సంగతులు మాత్రం మార్చి, వీళ్ళ భాషలోకి దించేశాను, నాదని చెప్పాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం సాయంత్రం పిలిచి 'ఇది ఎవరిది?' అన్నారు. దొరికిపోయాను. ఎవరిదో వాళ్ళ పేరుతోనే దాన్ని ఈ లైబ్రరీలో పెట్టు, అదే నీకు శిక్ష అన్నారు. పుస్తకమంతా వీళ్ళ భాషలోకి మార్చి, టైపు చేసి, మన భాషది ఒకవైపు, వీళ్ళ భాషది ఒకవైపు బైండు చేస్తున్నాం. లైబ్రరీ ఆవిడకి బైండింగు వచ్చు."

జిగురు. రెండు గంటలు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం. నాకు ఒక్కొక్కటీ అర్థమవుతోంది, ఒక్కటి మాత్రం కావట్లేదు.

"మరి ఏడో ఆజ్ఞ?"

"దొంగతనమేగా చేసింది!"

"దొంగతనం ఎనిమిదోది కదా!"

"ఎనిమిదోది అబద్ధ సాక్ష్యం."

"అది తొమ్మిదోది!"

ఆయన నా వైపు వింతగా చూశాడు. తర్వాత ఇద్దరం చిన్నపిల్లల్లా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాం. మేము వేరే దేవుళ్ళు వద్దనేది మొదటిది, విగ్రహాలు వద్దనేది రెండోది అంటాం. వాళ్ళు ఆ రెండూ కలిపి ఒక్కటే అంటారు. చివర ఆశపడొద్దనే దాన్ని రెండు చేసుకుని పది నింపుకుంటారు. మధ్యలో ఉన్నవన్నీ ఒక్కో మెట్టు జరుగుతాయి. ఆజ్ఞలు అవే, నంబర్లు వేరు. నాలుగేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకు తెలియదు. వాళ్ళ గుడిలో ఆదివారం పిల్లలు ఆజ్ఞలు అప్పజెబుతుంటే నేను వెనక వంటింట్లో టీ కాస్తుండేదాన్ని మరి!

"నేను పట్టుబడిందీ అక్కడే" అన్నాడు. "మీ నాన్నగారు రాసినట్టే అబద్ధ సాక్ష్యాన్ని తొమ్మిదో ఆజ్ఞ అనేశాను. లూథరన్ ఇంట్లో పుట్టినవాడు ఎవడూ అలా అనడు అన్నారు మాస్టారు." అని ఆగి, కళ్ళు పెద్దవి చేశాడు. "ఉండు. మీ లెక్కలో ఏడోది అంటే… నువ్వు… నేనూ, లైబ్రరీ ఆవిడా?"

మాడిన వాసన వచ్చి కిందికి చూస్తే, మాస్టారి అంగీ వీపు మీద ఇస్త్రీ పెట్టె ఆకారం గోధుమరంగులో పడి ఉంది. అది చూసి ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. నాకు మాత్రం అప్పుడొచ్చింది ఏడుపు, పదమూడు రోజులది ఒకేసారి.

బిషప్పుగారు మర్నాడు పదకొండింటికి నాతోనే స్వయంగా మాట్లాడతానన్నారట. ఈలోగా తాత లాండ్రీకి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచి, చివరికి బయటపెట్టాడు.

"వదినా, ఒక దారుంది. నేను మా లెక్కలో రాశాను, నా అనుమానం తప్పని తేలింది, మా ఆయన మీద ఏ మచ్చా లేదు అని చెప్పెయ్యండి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దొంగతనం ఊసే రాదు. అభిషేకం జరిగిపోతుంది."

వాడన్నది నిజమే. ప్రతి ముక్కా నిజమే, మొత్తంగా చూస్తే అబద్ధం. ఆయన్నడిగితే "నీ ఇష్టం" అన్నాడు. అంతకంటే గట్టిగా తిట్టినా బాగుండేది. సాయంత్రం లైబ్రరీ ఆవిడ దగ్గరికెళ్ళి స్వెట్టరు సంగతి ఒప్పుకున్నాను. "మిషను పాడైందనుకున్నాను" అంది ఆవిడ. ఎందుకలా చేశానో కూడా చెప్పాను. ముందు నోరు తెరిచింది, తర్వాత పడీపడీ నవ్వింది. "మీ ఆయనా? రోజంతా మీ కబుర్లే చెప్పి నా ప్రాణం తీస్తాడు" అంది. బైండు చేసిన పుస్తకం నా చేతిలో పెట్టింది. అట్ట మీద మా నాన్న పేరు ఉంది. ఇంటికి తీసుకెళ్ళాను గానీ తెరవలేదు.

పదకొండింటికి మాస్టారి గదిలో మా ఆయన కిటికీ దగ్గర, మాస్టారు కుర్చీలో, నేను ఫోన్ ముందు. పుస్తకం నా ఒళ్ళో. ఫోన్‌లో బిషప్పుగారి గొంతు అందరికీ వినపడుతోంది.

"అమ్మా, నీ ఉత్తరం అందింది. ఏడో ఆజ్ఞ అని రాశావు. నిజమేనా?"

"అయ్యగారూ, నేను బాప్టిస్టుల పిల్లని. మా లెక్కలో ఏడోదంటే వేరే. నేను అనుమానించింది అది. అది పచ్చి అబద్ధమని తేలింది. మా ఆయన బంగారం" అన్నాను. తాత చెప్పిన మాట అక్కడితో అయిపోయింది.

"అయితే మచ్చ లేదన్నమాట. సంతోషమమ్మా" అన్నారాయన. గొంతులో నిజంగానే సంతోషం. ఫోన్ పెట్టేసేలా ఉన్నారు.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను ఆ వీపు చూశాను. రేపు తెల్లంగీ వేసుకుని ఆ వీపు జనం ముందు నిలబడుతుంది. ఉతికేదాన్ని నేనే. ఏ మరక ఎక్కడుందో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుంది.

"అయ్యగారూ, ఆగండి. మీ లెక్కలో ఏడోది మాత్రం నిజం. మా నాన్న రాసుకున్న ప్రసంగం తీసి తనదని చెప్పాడు. మాస్టారి ముందు ఒప్పుకున్నాడు, నా ముందు నిన్ననే ఒప్పుకున్నాడు. ఆ సొత్తుకి వారసురాలిని నేనొక్కదాన్నే. నేను క్షమించాను. మరి నేను చేసింది మీ లెక్కలో ఎనిమిదోది. దాన్ని ఎవరు క్షమించాలో నాకు తెలియదు."

అటునుంచి బిషప్పుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినపడింది.

"ఆ ప్రసంగం నీ దగ్గరుందా?"

"ఒళ్ళో ఉంది."

"చదవమ్మా. వింటాను."

మూడేళ్ళుగా తెరవని రాత. అచ్చులో ఉంది కాబట్టి చదవగలననుకున్నాను. పేజీ తిప్పి మొదలుపెట్టాను.

'తొమ్మిదో ఆజ్ఞ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను. మా ఇంట్లో ఒక అనుమానప్పక్షి ఉంది. దానికి ఎనిమిదేళ్ళు. మొన్న దాని బలపం పోయింది. పక్కింటి పిల్ల తీసిందని ఏడ్చింది. పది ఆజ్ఞలూ తెలిసిన బోధకుణ్ణి నేను, ఆ పిల్లని ఒక్క మాట అడక్కుండా, వాళ్ళమ్మ ముందే చెవి మెలిపెట్టాను. సాయంత్రం మా పక్షి సంచి చినుగులోంచి బలపం బయటపడింది. చెప్పినదానికి ఒక్కటే నోరు. విన్నవాడికి రెండు చెవులున్నాయి కదా, అడగాల్సింది నేను. ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాను. నా కూతుర్ని మాత్రం ఏమీ అనలేదు. అది పెద్దదవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరినో ఒకరిని, బాగా ప్రేమించినవాళ్ళనే, ఇలాగే అనుమానిస్తుంది. ముందు అడుగు తల్లీ, తర్వాత అను, అని చెప్పడానికి ఆ రోజు నేను…'

ఆ తర్వాత అక్షరాలు కనపడలేదు. బలపం సంగతి నాకు గుర్తుంది. నాన్న నన్నేమీ అనలేదు, మరిచిపోయాడనుకున్నాను. నాన్న మరవలేదు. ఆ పుస్తకం మూడేళ్ళు నా పెట్టె అడుగునే ఉంది.

మా ఆయన వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. "ఇది చదివాకే నీకు చెప్పాలంటే భయమేసింది" అన్నాడు మెల్లగా. "నీకు రాసిన ఉత్తరం దొంగిలించినట్టయింది."

ఫోన్‌లో బిషప్పుగారు గొంతు సవరించుకున్నారు. "నావీ రెండు చెవులేనమ్మా. నీ ఉత్తరం చూసి, అబ్బాయిని ఒక్క మాట అడక్కుండా ఆపేశాను. అది నా తప్పు. అయినా ఈ ఏడు అభిషేకం లేదు, అబ్బాయీ, వింటున్నావా? దొంగిలించినందుకు కాదు, అది మాస్టారు చూసుకున్నారు. పెళ్ళానికి చెప్పడానికి నాలుగు నెలలు పట్టినందుకు. ఒక్క ఏడాది ఆగు."

"ఆగుతానయ్యగారూ" అన్నాడు మా ఆయన. నాకు గుండె కలుక్కుమంది, కానీ ఆ గొంతులో ఇన్ని నెలల నుంచీ లేని తేలికదనం వినపడింది.

"మీరు రాగానే ఒక ఆదివారం మన గుడిలో ఈ ప్రసంగం వినిపించాలి, మీ నాన్నగారి పేరు చెప్పి. అతను కాదమ్మా, నువ్వే చదవాలి."

"నేనా? అయ్యగారూ, ఒక్క అనుమానం" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. మాస్టారికి భాష తెలియకపోయినా, మా ఆయన నవ్వు చూసి ఆయనా నవ్వాడు. "మన గుడిలో అబద్ధ సాక్ష్యాన్ని తొమ్మిదోదంటే పిల్లలు నవ్వుతారు. ఎనిమిదోదని మార్చి చదవనా?"

"వద్దమ్మా" అన్నారు బిషప్పుగారు. "మీ నాన్నగారు రాసినట్టే చదువు."